మూడు వందల అరవైకి తగ్గని గది

మన బడి కొత్త తరగతి గదికి ఈ ఏటి 'ఆదర్శ చతుర్భుజం' పురస్కారం లభించిందని తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాను. గిట్టనివాళ్ళు ఎక్కడైనా ఉంటారు. పురస్కారం ఇచ్చిన రోజున జరిగినదాని గురించి వాళ్ళు నోటికొచ్చినట్టు మాట్లాడుతున్నారు. లెక్కల టీచరమ్మకు అన్యాయం జరిగిందని కూడా అంటున్నారట. నలుగురి నోళ్ళూ మూయించడం ఎవరి తరమూ కాదు. అందుకని పాఠశాల కమిటీ సభ్యుడిగా, ఆ గదిలో చదువుకున్న ఒక పిల్లవాడి తండ్రిగా, జరిగింది జరిగినట్టు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. చదివి మీరే నిర్ణయించండి.

ముందు గది సంగతి. పాత గదులు ఇటుకలతో కట్టినవి కాబట్టి వాటిలో చెప్పుకోదగ్గ విశేషమేమీ లేదు. అవి పిల్లలకు చాలడం లేదని కమిటీ అధ్యక్షులవారు పూనుకుని ఒక కొత్త గదికి అనుమతి తెచ్చారు. కట్టే పనికి టెండర్లు పిలిచారు. ఊరంతా వినబడేలా పిలిచామని రాసి ఉంది గానీ, పలికింది మాత్రం అధ్యక్షులవారి బావమరిది ఒక్కడే. పిలిస్తే పలికేవాడే కదా అయినవాడు! ఆయన నాలుగు మూలలా నాలుగు కొయ్య స్తంభాలు నిలబెట్టి, పైన దూలాలు వేసి, చుట్టూ చెక్క పలకలు కొట్టి, రేకులు కప్పేశారు. స్తంభాలను నేలలో పాతలేదు. అడుగున పరిచిన దుంగల మీద నిలబెట్టి, మూలకొక మేకు చొప్పున కొట్టారు. భూమిని తవ్వి గాయపరచడం ఆయన మనసుకు పడదు.

ఇక నిబంధన సంగతి. ఒకప్పుడు గదిని తనిఖీ చేసే కాగితంలో నాలుగు గడులు ఉండేవట. గది ముఖభాగంలో నాలుగు మూలలనూ కొలిచి, ఒక్కోటి తొంభై డిగ్రీలు ఉందని విడివిడిగా రాయాల్సి వచ్చేది. ఆ తరవాత వచ్చిన ఒక పెద్ద అధికారికి, నాలుగు తొంభైలు మూడు వందల అరవై అన్న సంగతి స్ఫురించింది. ఒక్క గడి సరిపోయే చోట నాలుగు గడులు అచ్చువేస్తూ ఇన్నాళ్ళూ ఎంత కాగితం తగలేశామో అని ఆయన నొచ్చుకుని, మూడు గడులు కొట్టేయించారు. పొదుపు చేసినందుకు ఆయనకు పదోన్నతి వచ్చింది. అప్పటినుంచి నిబంధన ఇలా ఉంది: "గది ముఖభాగం చతుర్భుజమై ఉండవలెను. దాని నాలుగు అంతర కోణముల మొత్తము మూడు వందల అరవై డిగ్రీలకు తగ్గరాదు." ఈ నిబంధన వచ్చాక ఇంతవరకు ఒక్క గది కూడా తనిఖీలో తప్పలేదు. మన ఇంజినీర్ల పనితనానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలో నాకు తెలియదు.

మొదటి వానలు వెలిసేసరికి మన గది తలుపు మూసుకోవడం మానేసింది. గది కాస్త కుడివైపుకు ఒరిగింది, తలుపు మాత్రం మొండిగా నిటారుగానే ఉండిపోయింది. కమిటీ అత్యవసరంగా సమావేశమై, వంకర ద్వారానిదా తలుపుదా అని చర్చించింది. ద్వారం వెనకాల గది మొత్తం ఉంది, తలుపు వెనకాల ఎవరూ లేరు. కనుక తప్పు తలుపుదేనని ఏకగ్రీవంగా తీర్మానించి, ఒక మూల కోయించి, ఇంకో మూల అతుకు వేయించాం. తలుపు సమాంతర చతుర్భుజమై చక్కగా మూసుకుంది. తరవాత గది ఇంకాస్త ఒరిగినప్పుడల్లా తలుపును ఇంకాస్త కోయించడం ఆనవాయితీ అయింది.

తనిఖీకి ఇంజినీరుగారు వచ్చారు. అందరూ జేబులో కలం పెట్టుకుంటే ఆయన కోణమానిని పెట్టుకుంటారు. మూల మూలకూ దాన్ని ఆనించి, కళ్ళు చిట్లించి చదివారు. ఎడమవైపు కింద మూల ఎనభై అయిదు, కుడివైపు కింద తొంభై అయిదు, పైన మళ్ళీ ఎనభై అయిదు, మళ్ళీ తొంభై అయిదు. కూడితే సరిగ్గా మూడు వందల అరవై. ఇంజినీరుగారి ముఖం వెలిగిపోయింది. నాకైతే కళ్ళు చెమర్చాయి.

అక్కడే లెక్కల టీచరమ్మ అడ్డుపడింది. ఈమె గురించి నాలుగు మాటలు చెప్పాలి. భర్త పోయాక ఈ బడిలో తాత్కాలికంగా చేరింది. ఇంట్లో ముసలి అత్తగారు, ఐదో తరగతి చదివే కూతురు. ముగ్గురికీ ఆధారం ఈ ఉద్యోగమే. దాన్ని పర్మనెంటు చేయాలంటే అధ్యక్షులవారు సిఫారసు చేయాలి. గదికి ఇచ్చే ధ్రువపత్రం మీద లెక్కలు తెలిసిన వ్యక్తి ఒకరు సాక్షి సంతకం పెట్టాలని నిబంధన కాబట్టి ఈమెను పిలిచాం. సంతకం పెట్టి పోవచ్చు కదా! కలం చేతిలో పట్టుకుని నిలబడింది.

"సార్, మొత్తం ఎప్పుడూ మూడు వందల అరవయ్యే వస్తుంది. గది ఎటు ఒరిగినా అంతే వస్తుంది. ఒక్కో మూలా విడిగా చూడాలండీ."

"ఎటు ఒరిగినా అంతే వస్తుందని నువ్వే అంటున్నావు కదమ్మా," అన్నారు ఇంజినీరుగారు ఎంతో ఓపికగా. "మరి ఇంక భయమెందుకు?"

లెక్కలు చెప్పే మనిషికి ఆ మాత్రం తర్కం తెలియకపోవడం చూసి అందరం నవ్వుకున్నాం. హెడ్మాస్టరుగారు ఆమె చెవిలో 'పర్మనెంటు ఆర్డరు' అన్నారు. ఆమె సంతకం పెట్టింది.

ఆ సాయంత్రం అధ్యక్షులవారు చేసిన ప్రసంగం ఇప్పటికీ నా చెవుల్లో మోగుతోంది. "కొందరు ఏమంటున్నారు? ఈ మూల తగ్గింది, ఆ మూల పెరిగింది అంటున్నారు. అయ్యా, తగ్గింది ఎక్కడికి పోయింది? పక్క మూలకే పోయింది కదా! బయటివాడెవడైనా ఎత్తుకుపోయాడా? మన గదిలో కోణం మన గదిలోనే ఉంది. ఒక మూల పోగొట్టుకుంటే ఇంకో మూల బాగుపడింది. మొత్తం మీద చూస్తే ఎవరికీ నష్టం లేదు. మొత్తం మీద చూడడం నేర్చుకోవాలి!" చప్పట్లు ఆగలేదు. కుడివైపు వాళ్ళవి కాస్త గట్టిగా వినిపించాయి.

కుడివైపు అంటే ఏమిటో చెప్పాలి. గది కుడికి ఒరిగింది కనుక, కుడి గోడ పైభాగం బయటికి వాలి, దాని పక్కన కూర్చున్న పిల్లలకు పడక కుర్చీలో ఉన్నంత సుఖంగా ఉండేది. ఎడమ గోడ లోపలికి వాలి పిల్లల నెత్తిమీదికి వచ్చింది. ఇలా ఉంటుందని తెలియగానే కుడి గోడ పక్క చోట్లకు సిఫారసులు మొదలయ్యాయి. అధ్యక్షులవారి మనవడు, బావమరిదిగారి కవల పిల్లలు, ఇంజినీరుగారి మేనకోడలు, వీళ్ళంతా ప్రతిభ ఆధారంగా అక్కడికి చేరారు. మావాడు కూడా కుడి గోడ పిల్లవాడే. నేను కమిటీలో ఉన్నందువల్ల అని అనుకునేరు, వాడికి చిన్నప్పటినుంచీ కుడిచెయ్యి వాటం. టీచరమ్మ కూతురికి ఎడమ గోడ పక్కన చోటు దొరికింది. టీచరు కూతురికి మంచి చోటిస్తే పక్షపాతం అంటారని హెడ్మాస్టరుగారు ముందే జాగ్రత్తపడ్డారు.

మిగతా వస్తువులన్నీ క్రమంగా గదికి అలవాటు పడ్డాయి. నల్లబల్ల గోడతోపాటే వంగి సమాంతర చతుర్భుజమైంది. దాని మీద చూసి రాసే పిల్లల చేతిరాత కుడికి వాలింది. తనిఖీకి వచ్చిన విద్యాధికారి ఆ రాతను చూసి, తరగతి మొత్తం ఇంత ఒద్దికగా ఒకే వాలులో రాయడం తన ఉద్యోగ జీవితంలో చూడలేదని పుస్తకంలో రాసిపోయారు. బెంచీల కాళ్ళు ఒకవైపు కోయించాం. గుమ్మానికి కట్టిన గంట తాడు మాత్రం నిటారుగా వేలాడుతూ, గుమ్మం పక్కన చాలా అసభ్యంగా కనబడేది. దాన్ని లాగి మేకుకు కట్టేశాం. ఎంత చెప్పినా వినకుండా చివరిదాకా ఎదురు తిరిగినవి గ్లాసులో నీళ్ళొక్కటే. గ్లాసును ఎలా పెట్టినా అవి తమ తీరు మార్చుకోలేదు. గదిలోకి నీళ్ళు తేవడాన్ని నిషేధించాక ఆ సమస్య కూడా తీరింది. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు పెద్దలు. మన స్తంభాలు మానులయ్యాక కూడా వంగి చూపించాయి.

గది వాలిన కొద్దీ పైకప్పు కిందికి దిగుతుంది. పొడుగ్గా ఉండే డ్రిల్లు మాస్టారు నుదుటికి దెబ్బ తగిలించుకుని ఫిర్యాదు చేశారు. హెడ్మాస్టరుగారు పొట్టివారు. ఆయన లోపలికి వెళ్ళి, అటూ ఇటూ నడిచి, తనకేమీ తగలడం లేదని నిర్ధారించుకుని, ఫిర్యాదులో పస లేదని రాశారు. డ్రిల్లు మాస్టారికి వంగి నడవడం నేర్చుకోమని సలహా ఇచ్చారు. వ్యాయామం చెప్పేవాడికి అదొక లెక్కా!

టీచరమ్మ ఇల్లు మా ఇంటిని ఆనుకునే ఉంటుంది. పక్కవాళ్ళ మాటలు వినకూడదనే నా సిద్ధాంతం, కానీ కళ్ళకు ఉన్నట్టు చెవులకు రెప్పలు ఉండవు కదా. ఒకరోజు వాళ్ళు అన్నాల దగ్గర కూర్చున్నప్పుడు అత్తగారి గొంతు వినబడింది.

"ఏమే, మెడ అలా వాల్చుకుని తింటావేమిటే? నొప్పా?"

"లేదు నానమ్మా, అలవాటైపోయింది. మొదట్లో గోడ నా జడకి తగిలేది. ఇప్పుడు చెవికి తగులుతోంది. చెవి ఆనిస్తే లోపల చప్పుడు కూడా వినబడుతుంది తెలుసా? కిర్రు, కిర్రు అని. భలే ఉంటుంది."

పళ్ళెం పక్కకు జరిపిన చప్పుడైంది.

"ఏం తల్లీ," అంది ముసలావిడ కోడలితో, "నా మంచం ఊగుతోందని మొన్న నువ్వే కదా ఆ మూల నుంచి ఈ మూలకి ఓ కర్ర కొట్టించావు. అప్పట్నుంచి కదలకుండా పడుంది. మీ బళ్ళో అంతమంది పెద్దవాళ్ళున్నారు, ఆపాటి కర్ర దొరకలేదా?"

"దొరుకుతుంది అత్తయ్యా."

"మరి?"

"నా ఆర్డరు రాలేదు అత్తయ్యా." ఆ తరవాత ఏడుస్తున్నట్టు వినబడింది. మా ఆవిడ కూడా విని కళ్ళు తుడుచుకుంది. ఆడవాళ్ళ మనసు మెత్తన. నేను కిటికీ మూసేశాను.

మర్నాడే టీచరమ్మ కమిటీకి అర్జీ పెట్టుకుంది. గది ముఖభాగానికి, వెనక గోడకు మూల నుంచి మూలకు ఒక్కో ఏటవాలు కర్ర కొట్టిస్తే చాలట, గది ఇంక కదలదట. నాలుగు కర్రల చట్రం ఒరుగుతుందిగానీ మూడు కర్రలది ఒరగదట. కర్ర, మేకులు తనే తెచ్చుకుంటానని కూడా రాసింది. అర్జీ మీద ఇంజినీరుగారు ఇచ్చిన వివరణను విని కమిటీ నిర్ఘాంతపోయింది.

"ఈ అమ్మాయి ఏమడుగుతోందో మీకు అర్థమైందా? చతుర్భుజానికి కర్ణం కొడితే అది చతుర్భుజంగా మిగలదు, త్రిభుజం అయిపోతుంది. త్రిభుజం కోణాల మొత్తం ఎంత? నూట ఎనభై! నిబంధన ఎంత అడుగుతోంది? మూడు వందల అరవై! అంటే ఒక్క కర్ర ముక్కతో మన గది సగానికి సగం పడిపోతుంది. ఒరుగుతున్న గది ఇన్నాళ్ళలో ఒక్క డిగ్రీ పోగొట్టుకోలేదు, ఈమె ఒక్క పూటలో నూట ఎనభై పోగొడతానంటోంది!"

"రెండు త్రిభుజాలు వస్తాయి కదండీ," అంది టీచరమ్మ. "రెండూ కలిపితే మళ్ళీ అంతే అవుతుంది."

"మనకు మంజూరైంది ఒక గదమ్మా. రెండిటికి అనుమతి లేదు. పైగా త్రిభుజాలు మా శాఖ కిందికి రావు."

సరే, ప్రజాస్వామ్యం కదా అని తల్లిదండ్రుల సమావేశం పెట్టాం. కుడి గోడ పిల్లల తల్లిదండ్రులు, కర్ర అడ్డం వస్తే మా పిల్లలకు గాలి ఆడదన్నారు. అది ఊహించిందే. ఎడమ గోడ పిల్లల తల్లిదండ్రులు ఏమంటారోనని మాకు కాస్త గుబులుగా ఉండేది. వాళ్ళలో పెద్దమనిషి, దర్జీ పని చేసుకునే ఆయన, లేచి చేతులు జోడించాడు. "మా పిల్లది వచ్చే ఏడాది కుడి గోడ పక్కకి మారుతుందని హెడ్మాస్టరుగారు మాటిచ్చారండీ. ఇప్పుడు గదిని సరిచేసేస్తే కుడి గోడ పక్కన కూర్చున్నా ఒకటే, ఎడమ గోడ పక్కన కూర్చున్నా ఒకటే అయిపోతుంది కదండీ. మా పిల్ల ఇన్నాళ్ళు పడ్డ కష్టం ఏమైపోవాలి?" మిగతావాళ్ళంతా అవునవునన్నారు. ఇంత పరిణతి చెందిన సమాజంలో బతుకుతున్నందుకు నాకు గర్వంగా అనిపించింది. టీచరమ్మ అర్జీని మడిచి చేతిసంచీలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

అంతలో పురస్కారం వార్త వచ్చింది. పోటీ గట్టిగానే నడిచిందట. పక్క బడి గది ఒక పక్క మాత్రమే ఒరిగి ట్రెపీజియమైంది. ఇంకో బడి గది గాలిపటం ఆకారానికి వచ్చింది. అక్కడ పిల్లలు మధ్యలో ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుంటున్నారట. ఒకచోట ఒక మూల లోపలికి సొట్టపోయి, నూట ఎనభై దాటిపోయి, అయినా మొత్తం మూడు వందల అరవై దగ్గరే నిలిచింది. దానికి ప్రోత్సాహక బహుమతి ఇచ్చారు. మన గదికి మొదటి బహుమతి రావడానికి కారణం, ఇంత ఒరిగినా ఎదురెదురు మూలలు సమానంగా ఉండడం. ఎదుటివాడితో సమానత్వం పాటిస్తూ పక్కవాడి దగ్గర లాక్కోవడమనే ఆదర్శాన్ని ఈ గది చాటుతోందని న్యాయనిర్ణేతలు రాశారు.

పురస్కారం ఇవ్వడానికి స్వయంగా ఆ గడులు కొట్టేయించిన పెద్ద అధికారే వస్తున్నారని తెలిసింది. అధ్యక్షులవారు టీచరమ్మను పిలిచి తండ్రిలా మాట్లాడారు. సభ రోజున తాజా కొలతల ధ్రువపత్రం మీద సంతకం పెట్టాలి, పిల్లల్ని గదిలో ఎవరి చోట్లలో వాళ్ళను కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించాలి. ఆ వెంటనే అదే వేదిక మీద పర్మనెంటు ఆర్డరు ఆమె చేతిలో పెడతారు. అడక్కుండానే వరమిచ్చే దేవుళ్ళు ఇంకా ఉన్నారనడానికి ఇదే నిదర్శనం. ఆమె తల వంచుకుని వింది. ఒప్పుకున్నట్టే అనుకున్నాం.

సభ రోజున పొద్దున్నే ఇంజినీరుగారు కొలిచారు. ఎడమ కింద మూల యాభై, కుడి కింద మూల నూట ముప్ఫై, పైన కూడా అవే. మొత్తం చెప్పనక్కరలేదు. గది ముందు ఖాళీ స్థలంలో వేదిక, దానికి ఎదురుగా మా కుర్చీలు. పెద్ద అధికారి వచ్చి కూర్చున్నారు. చూస్తే పిల్లలు గదిలో లేరు. మైదానంలో, గదికి దూరంగా, ఎండలో వరసలు కట్టి నిలబడి ఉన్నారు. కుడి గోడ వాళ్ళు, ఎడమ గోడ వాళ్ళు కలిసిపోయి, ఎవరెవరో తెలియడం లేదు. ముందు టీచరమ్మ.

హెడ్మాస్టరుగారు పరుగెత్తారు. వెనకే అధ్యక్షులవారు, ఆయన వెనక నేను.

"ఏమిటమ్మా ఇది? లోపలికి పంపించు," అన్నారు హెడ్మాస్టరుగారు.

"పంపించను సార్. ఒక్క పిల్లని కూడా పంపించను. సంతకం కూడా పెట్టను."

అధ్యక్షులవారు జేబులోంచి కవరు సగం పైకి తీసి చూపించారు. "ఇదేమిటో తెలుసా? నీ ఆర్డరు. పిల్లలు లోపలికి వెళ్ళడం ఆలస్యం, నీ చేతిలో ఉంటుంది. వెళ్ళలేదా, చింపడానికి నాకు ఎంతోసేపు పట్టదు. ఇంట్లో ముసలావిడ ఉంది, పిల్ల ఉంది. ఆలోచించుకో."

టీచరమ్మ కూతురి వైపు చూసింది. ఆ పిల్ల ఎండలో నిటారుగా నిలబడి కూడా మెడ ఒక పక్కకు వాల్చుకునే ఉంది. ఆ కవరు ఆమెకు ఎంత అవసరమో పక్కింటివాణ్ణి, నాకు తెలుసు.

"చింపేయండి సార్," అంది.

ఇంత అహంకారాన్ని నేను ఎక్కడా చూడలేదు. కనీసం నా బాధ్యత నేను నెరవేర్చాలి కదా. "ఒరేయ్, నువ్వు లోపలికి వెళ్ళి నీ చోట్లో కూర్చోరా!" అని మావాణ్ణి కేకేశాను. కష్టపడి సంపాదించిన కుడి గోడ పక్క చోటు, పట్టుకోకపోతే ఎవడో ఎగరేసుకుపోతాడు. వాడు నా వైపు చూశాడు, గది వైపు చూశాడు, టీచరమ్మ చీర కొంగు పట్టుకుని ఆమె వెనక్కి నక్కాడు. కన్నతండ్రి మాట పెడచెవిన పెట్టడం ఎవరి దగ్గర నేర్చుకున్నాడో వేరే చెప్పాలా? ఇంటికి రా, నీ సంగతి చెప్తానన్నాను.

పెద్దలకు ఆలస్యమవుతోందని సభ మొదలుపెట్టాం. పెద్ద అధికారి ప్రసంగిస్తూ, "విడివిడిగా చూసేది చిన్నబుద్ధి. మొత్తంగా చూసేది పరిపాలన. ఏ మూల ఏమవుతోందని ప్రతి మూలకూ వెళ్ళి అడుగుతూ కూర్చుంటే దేశం ముందుకు పోదు," అని సెలవిచ్చారు. తరవాత ఇత్తడి ఫలకం బావమరిదిగారి చేతికి ఇచ్చారు. ఆయన నిచ్చెన వేసుకుని, దూలం కుడి చివరన ఫలకాన్ని ఆనించి, మేకు పెట్టి, సుత్తితో ఒక్క దెబ్బ కొట్టారు. గదిని నిలబెట్టడానికి కమిటీ ఇవ్వలేకపోయిన ఆ మేకును, గౌరవించడానికి మాత్రం సంతోషంగా ఇచ్చాం.

గది తొందరపడలేదు. ముందు కిర్రుమంది. బావమరిదిగారు నిచ్చెన మీంచి దూకి పక్కకు పరుగెత్తారు. ఎడమ గోడ తల వంచి, మోకరించి, మెల్లగా నేల మీద బోర్లా పడుకుంది. దూలం, రేకులు కుడివైపుకు జారి దాని పక్కనే సర్దుకున్నాయి. దుమ్ము లేచింది. పెద్ద అధికారి ఇది కూడా కార్యక్రమంలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టారని మేమూ కొట్టాం.

దుమ్ము తగ్గాక అందరం ఇంజినీరుగారి వైపు చూశాం. ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు. జేబులోంచి కోణమానిని తీసి, నేల మీద పరిచినట్టున్న చట్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఎడమ కింద మూల సున్నా. కుడి కింద మూల నూట ఎనభై. పైన సున్నా, పైన నూట ఎనభై. పెదవులు కదుపుతూ కూడారు. ఒక్కసారిగా లేచి నిలబడి, "మూడు వందల అరవై! ఒక్క డిగ్రీ కూడా పోలేదు!" అని అరిచారు. బావమరిదిగారు ఆయన్ని కావలించుకున్నారు. ప్రాణం పోతున్నా మాట తప్పని గది అని పెద్ద అధికారి కితాబిచ్చి, ఫలకాన్ని ఆ పలకల మీదే పెట్టించి ఫోటో తీయించుకున్నారు. ఎడమ గోడ కింద టీచరమ్మ కూతురు సంచీ ఉండిపోయింది. తరవాత తీస్తే, లోపల పుస్తకాలు, అన్నం డబ్బా, అన్నీ కలిపి అరచేతి మందాన ఉన్నాయి. టీచరమ్మ ఆ సంచీని గుండెలకు అదుముకుని కూర్చుండిపోయింది. పోయింది సంచీయే కదా, అంత బాధ దేనికో!

విచారణ సంఘం నిష్పక్షపాతంగా పనిచేసింది. ఇంజినీరుగారు, బావమరిదిగారు, నేను సభ్యులం. గది కోణాల్లో ఏ లోపమూ లేదని కొలతలే చెబుతున్నాయి. మరి పడిపోవడానికి కారణం? పిల్లలంతా లోపల ఉండి ఉంటే, వాళ్ళ బరువుకు గది నిలదొక్కుకుని ఉండేదని ఇంజినీరుగారు శాస్త్రీయంగా వివరించారు. నియమం ప్రకారం నిండుగా ఉండాల్సిన గదిని ఖాళీ చేసి, దాన్ని ఒంటరిని చేసిన బాధ్యత టీచరమ్మదేనని తేల్చాం. ఎవరికీ దెబ్బలు తగలలేదు కనుక గది సురక్షితమైనదేనని కూడా రాశాం. ఆమెను ఉద్యోగం నుంచి తీసేసిన కాగితం మీద సాక్షి సంతకం దర్జీగారు పెట్టారు.

ఇప్పుడు ఆమె ఇంటి అరుగు మీద నలుగురైదుగురు పిల్లలకు లెక్కలు చెబుతోంది. సాయంత్రం మావాడు ఆటకని వెళుతున్నాడు గానీ, ఎక్కాలు వల్లించే వాడి గొంతు గోడవతలి నుంచి నాకు వినబడుతూనే ఉంది. కిటికీ మూసినా వినబడుతోంది.

కొత్త గది మంజూరైంది. కట్టేది బావమరిదిగారే, నిబంధన అదే. ఇదీ జరిగింది. గిట్టనివాళ్ళ మాటలు నమ్మాలో, లెక్కను నమ్మాలో మీ ఇష్టం. ఇంజినీరుగారు నేల మీద కూర్చుని కూడుతున్నప్పుడు మీరు కూడా మనసులో కూడుకున్నారని నాకు తెలుసు. సున్నా, నూట ఎనభై, సున్నా, నూట ఎనభై. సరిపోయింది కదా? హమ్మయ్య అనిపించింది కదా? అలాంటివాళ్ళే మా కమిటీకి కావాలి. గది ఈసారి ఎటు ఒరుగుతుందో బావమరిదిగారు ముందుగానే చెప్పారు కాబట్టి, మంచి గోడ పక్క చోట్లు ఇప్పుడే పంచేస్తున్నాం. మావాడి పక్కన ఒకటి ఇంకా ఖాళీగా ఉంది. మీ పిల్లవాడికి కావాలంటే తొందరగా కబురు చేయండి. రెండో గోడ పక్కన ఎవరు కూర్చుంటారు అంటారా? అది ఇంతవరకు ఏ తండ్రీ అడగలేదు.